సంఘ భవనమును, దాని స్థలపటమును

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు పెక్కులు క్రొత్త కార్యాలయములను కట్టబూనుచున్నవి. 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్రప్రభుత్వమువారు దేశమునందలి 63,000 సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించు పథకమును ఆమోదించిరి. మరుసటి సంవత్సరము మే నెలలో ధాన్యపు గిడ్డంగుల పథకము వచ్చినది. కురిసిన చోటనెల్ల బొక్కెన పెట్టుకొనుచు పాత పెంకుటింటి గదిలో ఈ పనులు సాగవు గనుక, భవనము వలయుననుటలో వివాదము లేదు. మేము వ్రాయబూనినది గోడలను గూర్చి గాక, అవి నిలుచు నేలను గూర్చియు, ఆ నేల పటమును గ్రామ పంచాయతీవారు పరిశీలించుటను గూర్చియు.

ఆంధ్రప్రదేశమున 1994వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టమును, దానిక్రింద 2002లో ఏర్పడిన నిబంధనలును, తెలంగాణమున 2018వ సంవత్సరపు చట్టమును గ్రామములోని కట్టడములకు అనుమతి నిచ్చు పనిని పంచాయతీకి అప్పగించినవి. కట్టడము పెద్దదైనచో పై కార్యాలయముల ఆమోదము గూడ కావలసివచ్చును. అయినను పాలకవర్గములు కొన్ని దీనిని వట్టి తంతుగా తలచుచున్నవి. “సంఘము మనది, పంచాయతీ మనది, సర్పంచిగారును మన సభ్యులే, ఇక పటమెందుకు?” అనుమాట మేము పలుచోట్ల విన్నాము. శంకుస్థాపన ఫలకము ముందును, పటము వెనుకను వచ్చు గ్రామములును లేకపోలేదు.

పటమనగా గదులు గీసిన కాగితము మాత్రమే కాదు. ఇంజనీరుగారు గీయించిన పటములలో గదులు, కిటికీలు, వరండా చక్కగా నుండును. చుట్టును తెల్లకాగితమే. ఆ తెల్లకాగితమునందే రైతుయొక్క దారియు, పంటబోదెయు, మురుగుకాలువయు, పొరుగువాని నారుమడియు నున్నవి. పంచాయతీవారు ముఖ్యముగా చూడవలసినది ఆ భాగమునే యని మా యభిప్రాయము.

డెల్టా గ్రామముల మాట తీసికొందము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టాలో నీరు వచ్చుట యెంత ముఖ్యమో, పోవుటయు నంత ముఖ్యము. అచ్చట నేల బల్లపరుపు. సంఘము రోడ్డు ప్రక్కను 5 సెంట్ల పల్లపు నేలను కొని మట్టితో మెరక చేసినదనుకొనుడు. 5 సెంట్లనగా 242 గజములు, రమారమి 202 చదరపు మీటర్లు. ఒక దినమున 10 సెంటీమీటర్ల వాన పడినచో ఆ నేలపై పడు నీరు 20,000 లీటర్లు. పూర్వము ఆ నీరు ఆ మడిలోనే నిలిచెడిది. మెరక చేసిన పిమ్మట అది ప్రక్కకు పోవలయును గదా! ప్రక్కను ఒక రైతు 5 సెంట్లలో నారు పోసియున్నచో, ఆ మడిలో పడిన వానకు తోడు ఇంకొక 10 సెంటీమీటర్ల నీరు వచ్చి చేరును. 5 సెంట్ల నారు ఎకరమునకు సరిపోవునదని రైతులెరుగుదురు. జానెడైనను ఎదుగని మొక్క మునిగి నాలుగు దినములు నిలిచినచో, ఆ రైతుకు ఎకరము నాటు వెనుకబడినట్లే. అతడును సంఘ సభ్యుడే కావచ్చును, బాకీదారుడును కావచ్చును.

దీనికి మందు కష్టమైనది కాదు. నీరు ఏ వైపునకు పోవునో, ఏ మురుగుకాలువలో కలియునో బాణపు గుర్తులతో పటమున చూపవలెను. హద్దున పంటబోదె యున్నచో దానిని పూడ్చక తూము వేయవలెను, ఆ తూము ఎగువనున్న తూముకంటె చిన్నది కారాదు. నీటిపారుదల శాఖవారి సమ్మతి ముందుగానే పొందవలెను.

తరువాత బండ్ల సంగతి. పది టన్నుల లారీలో 45 కిలోల యూరియా బస్తాలు 222 వచ్చును. అది లోనికి వచ్చి తిరుగుటకు చోటు లేనిచో రోడ్డుమీదనే నిలుచును. కోతల కాలమున వెనుకనున్న ట్రాక్టరులు పూటంతయు కాచుకొనవలసినదే. లారీ తిరుగు చోటును పటమునందు గీయించి, అచ్చట చెట్టుగాని కొట్టుగాని పెట్టకుండ షరతు వ్రాయించుట మేలు. పురుగుమందుల గదిని విత్తనముల గదితో కలుపరాదు. దానిని కడిగిన నీరు బావివైపునకు పోరాదు.

వృద్ధులును వికలాంగులును లోనికి వచ్చుటకు వాలుదారిని గూడ మొదటనే చూపవలెను. పునాది మెరక 45 సెంటీమీటర్లైనచో, పండ్రెండింట ఒకటి వాలు చొప్పున ఆ దారి 5.4 మీటర్లు, అనగా సుమారు 18 అడుగులు పొడవగును. పిమ్మట జ్ఞాపకము వచ్చి చేర్చినచో అది రోడ్డుమీదకు పోవును.

స్థలము ఉచితముగా దొరకినదన్నచోటనే ఎక్కువ జాగ్రత్త వలయును. చెరువు పోరంబోకు, మురుగుకాలువ గట్టు, పశువుల బీడు చూచువారికి ఖాళీగానే కనబడును. గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టువారు 2011వ సంవత్సరము జనవరి 28వ తేదీన తీర్పు చెప్పిరి. సంఘపు సొమ్ముతో కట్టిన గోడకు ఆ తీర్పు వర్తింపదని యెవరును భరోసా యియ్యలేరు. దాత యిచ్చిన నేలయైనచో నోటిమాట చాలదు. దానపత్రము రిజిస్టరైన పిమ్మటనే పటమును పంపవలెను. దాత బ్రతికియున్నంతకాలము తగవు రాదు, వచ్చునది వారసులతో.

పటము చదువుట అందరికిని రాదు. మేము ప్రదర్శన క్షేత్రములలో మళ్లను గుర్తించునట్లే, దరఖాస్తు పెట్టుటకు ముందొక దినమున ఆ నేలపై మేకులు పాతి, కొబ్బరి త్రాళ్లు కట్టి, సున్నముతో గీతలు వేయవలెను. గోడ యిచ్చట, గేటు ఇచ్చట, మరుగుదొడ్డి గొయ్యి ఇచ్చట, నీరు పోవు దారి ఇచ్చట. నలుదిక్కుల సరిహద్దు రైతులను, పంచాయతీ సభ్యులను, కార్యదర్శిగారిని పిలువవలెను. సరిహద్దు పొలమును కౌలుకు చేయు రైతును మరువరాదు. నీరు నిలిచినప్పుడు నష్టపోవువాడు అతడే. వీలైనచో వాన కురిసిన మరునాడు ఈ పని చేయుడు. పల్లమెటున్నదో ఎవరును వాదింప నక్కరలేదు. ఆక్షేపణ వచ్చినచో సున్నపు గీతను చెరిపి వేరొక గీత వేయుటకు గంట చాలును. ఇటుకగోడయైనచో వేల రూపాయలు, ఒక్కొక్కప్పుడు న్యాయస్థానమున ఏండ్లు.

అట్లు తేలిన గీతలనే ఇంజనీరుగారు పటమున కెక్కింపవలెను. దానితోపాటు హద్దుల రైతులు చెప్పిన మాటలను, వాటికి సంఘమువారిచ్చిన సమాధానములను ఒక కాగితమున వ్రాసి సంతకములు చేయించి పంచాయతీకి దాఖలు చేయుడు. అనుమతియైన పటపు ప్రతి నొకదానిని బీరువాలో దాచక కట్టడపు మేస్త్రీ చేతి కియ్యవలెను. పని నడుమ గోడ జరుపవలసివచ్చినచో మేస్త్రీ తనంత జరుపక, సవరించిన పటము మరల పంచాయతీకి పోయి అనుమతి వచ్చువరకు ఆగవలెను.