ఇల్లు కాలకముందే బావి తవ్వాలి!

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఏం లాభం? అంటువ్యాధుల విషయంలోనూ అంతే. నమ్మకం కుదరకపోతే, ఒకే వైరస్‌ మనదేశంలో రెండు ఊళ్లలో ఏం చేసిందో చూడండి.

మొదటిది సిలిగురి. పశ్చిమ బెంగాల్‌లోని ఆ ఊళ్లో 2001లో ఉన్నట్టుండి జనం జ్వరంతో, మగతతో ఆసుపత్రుల్లో చేరారు. మొత్తం 66 మందికి జబ్బు చేస్తే మూడింట రెండొంతులకు పైగా చనిపోయారు. వారిలో రోగులకు సేవలు చేసిన సిబ్బంది ఉన్నారు, చూడ్డానికొచ్చిన బంధువులూ ఉన్నారు. అంతా అయిపోయినా జబ్బు పేరేంటో తెలియలేదు. దాచి ఉంచిన నమూనాల్ని తర్వాతెప్పుడో పరీక్షిస్తే... గబ్బిలాల్లో ఉండే నిఫా అని తేలింది!

రెండోది కేరళలోని కోజికోడ్‌. 2018 మేలో ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి మెదడువాపు లక్షణాలు కనిపించాయి. వైద్యులకు అనుమానం వచ్చింది. వెంటనే నమూనాలు మణిపాల్‌కు వెళ్లాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిఫా అని నిర్ధారించింది. ఇదంతా రెండుమూడు రోజుల్లోనే!

అయినా అప్పటికే ఆలస్యమైంది. తొలి రోగి నుంచే ఆసుపత్రుల్లో చాలామందికి సోకింది. అతనికి సేవలందించిన నర్సు లినీ పుతుశ్శేరి కూడా ప్రాణాలు కోల్పోయింది. తర్వాతి అధ్యయనం లెక్కగట్టిన 23 మందిలో 21 మంది బతకలేదు. కానీ పేరు తెలిశాక కథ మారింది. రోగులకు దగ్గరగా మెలిగిన రెండున్నర వేల మందికి పైగా జాబితా రాశారు. రోజూ వారి ఆరోగ్యాన్ని కనిపెట్టి చూశారు. జూన్‌కల్లా వ్యాధి ఆగిపోయింది. మరుసటి ఏడాది ఎర్నాకుళంలో ఓ విద్యార్థికి నిఫా వస్తే మరొకరికి సోకలేదు, అతనూ కోలుకున్నాడు.

ఏమిటా బావి?

నిఫాకు ఆమోదం పొందిన టీకా లేదు. మరి కేరళను కాపాడిందేంటి? అనుమానించే డాక్టరు, దగ్గర్లో ఓ ల్యాబ్‌, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఆసుపత్రిలో మాస్కులూ గ్లౌజులూ విడి వార్డూ ఉంటే వైద్యం చేసేవాళ్లకే జబ్బు అంటుకునే ముప్పు తగ్గుతుంది.

ఇవేవీ ఒక్కరోజులో పుట్టుకురావు. 2020 జనవరిలో కొవిడ్‌ను నిర్ధారించే ల్యాబ్‌ దేశం మొత్తానికి పుణెలో ఒక్కటే ఉండేది. తర్వాత వేలల్లో వచ్చాయి. వాటిలో పనిచేసే నిపుణుల్ని నిలుపుకోవాలి, యంత్రాలు మూలన పడకుండా చూడాలి. జబ్బులేవీ లేని ఏడాదిలోనే ఆ ఖర్చు దండగనిపిస్తుంది. అసలు తయారు కావాల్సిందీ ఆ ఏడాదిలోనే!

ఇందులో మనవంతూ ఉంది. ఆరోగ్య కార్యకర్త తలుపు తట్టి ‘ఎవర్ని కలిశారు, ఎక్కడికెళ్లారు’ అని అడిగితే దాచకుండా చెప్పాలి. దాచిన ఒక్క పేరు చాలు, ఇంకో ఇంటికి నిప్పంటుకోవడానికి.