మత్తు డాక్టర్ నోరు తెరవమంటే ఎందుకో తెలుసా?

అఫ్జల్‌గంజ్‌కు మత్తుమందు చరిత్రలో పెద్ద పేరే ఉంది. 1888, 1889లలో నిజాం సర్కారు ఖర్చుతో హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్లు నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాదన ఒక్కటే: నాడి కన్నా ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి. గుండె విషయంలో ఆయన మాట తప్పని తర్వాత తేలింది. ఊపిరి సంగతి మాత్రం నేటికీ మొదటి మాటే.

పూర్తి మత్తులో చాలాసార్లు పేషెంట్ సొంతంగా సరిగా ఊపిరి తీసుకోలేడు. అలాంటప్పుడు తరచుగా నిమిషాల్లో శ్వాసనాళంలోకి ట్యూబ్ వెయ్యాల్సి వస్తుంది. అందుకే ముందుగా మాస్కుతో ఆక్సిజన్ ఇస్తారు, తల కింద దిండు పెట్టి మెడను ముందుకు, ముఖాన్ని కాస్త పైకి ఉంచుతారు. లావుగా ఉన్నవారికి ఆ ఒక్క దిండు చాలదు. చెవి రంధ్రం, ఛాతీ ఎముక పై గుంట ఒకే మట్టానికి వచ్చేదాకా వీపు, భుజాల కింద దుప్పట్లు పేరుస్తారు.

పాత లారింగోస్కోప్‌తో డాక్టర్ నోట్లోంచి నేరుగా చూడాలి. వీడియో లారింగోస్కోప్‌లో బ్లేడు కొన దగ్గరే కెమెరా ఉంటుంది, స్వరతంత్రులు తెర మీద కనిపిస్తాయి. చాలా మేలైన పరికరమే. కానీ నోరే తెరుచుకోకపోతే కెమెరా వెళ్లేదెక్కడ?

గుట్కా, పాన్ మసాలా ఏళ్ల తరబడి నమిలినవారికి నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవచ్చు. పక్కన అబ్బాజాన్ ఉన్నారని కుర్రాళ్లు "అలవాటు లేదు" అనేస్తారు. ముందే తెలిస్తే, మెలకువగా ఉండగానే ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టంతో ట్యూబ్ వేసే ఏర్పాటు చేసుకుంటారు. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, గట్టి గురక, పాత ఆపరేషన్‌లో ట్యూబ్ కష్టమైన సంగతి కూడా దాచకుండా చెప్పాలి.