మీకు తెలుసా? గడ్డివాము చాటు నుంచి నోబెల్ దాకా!

వేసవి సెలవుల్లో చర్చి ఆవరణలోంచి పిల్లల పాటలు, చప్పట్లు, గంతులు వినిపించాయంటే అక్కడ వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు) జరుగుతోందన్నమాట. ముందు నిలబడి యాక్షన్ సాంగ్స్ నేర్పే అక్కయ్యలూ అన్నయ్యలూ చాలామంది కాలేజీ విద్యార్థులే. జీతం లేదు, మార్కులు అసలే లేవు! ఇలా చదువుకుంటూనే సువార్తకూ సేవకూ పూనుకున్న కుర్రకారు దేశదేశాల్లో చేసిన చిత్రాలు కొన్ని ఏరి తెచ్చాను. వరసా క్రమమూ లేవు, ఎక్కడి నుంచైనా చదవండి.

● ఆ వి.బి.ఎస్.కు పునాది పడింది ఎక్కడో చెప్పుకోండి చూద్దాం? బీరు హాల్లో! 1898 వేసవిలో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ, ఎండలో వీధుల వెంట తిరిగే పిల్లల్ని కూర్చోబెట్టడానికి వేరే చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకు తీసుకున్నారు. మూడేళ్ల తర్వాత రాబర్ట్ బోవిల్ అనే పాస్టరు ఈ పద్ధతిని నగరమంతా పాకించి, సెలవుల్లో ఖాళీగా ఉన్న కాలేజీ విద్యార్థుల్ని టీచర్లుగా దింపాడు.

● బీరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1928లో కెనడా కాలేజీల్లో క్రైస్తవ విద్యార్థుల పని ఊపందుకోవడానికి ఇంగ్లండు విద్యార్థులు తమ ఆట సామాను అమ్మేశారు! ఆ డబ్బుతో హోవర్డ్ గిన్నిస్ అనే యువ డాక్టరుకు ఓడ టికెట్ కొన్నారు, అదీ వెళ్లడానికి మాత్రమే, తిరిగి రావడానికి కాదు. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, బీరు తయారుచేసే ఆ గిన్నిస్ కుటుంబమే, రికార్డుల పుస్తకం పుట్టించిన కంపెనీ కూడా వాళ్లదే!

● అమెరికా నుంచి విదేశాలకు మిషనరీలను పంపే ఉద్యమం ఒక గడ్డివాము చాటున పుట్టింది! 1806 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ విద్యార్థులు అయిదుగురు ఆరుబయట ప్రార్థన చేసుకుంటుంటే ఉరుములు మెరుపులతో వాన ముంచుకొచ్చింది. పరుగెత్తి ఒక గడ్డివాము పంచన చేరారు. అక్కడే ఆసియా గురించి మాట్లాడుకున్నారు, మనమే ఎందుకు వెళ్లకూడదనుకున్నారు. వాళ్ల పట్టుదల ఫలితంగా నాలుగేళ్లకే, 1810లో, అమెరికన్ బోర్డు అనే మిషనరీ సంస్థ ఏర్పడింది. 1812లో తొలి ఓడలు బయల్దేరాయి. ఎక్కడికనుకుంటున్నారు? కలకత్తాకు!

● మరి ఆ గడ్డివాము ఏమైంది? దాన్ని ఏ ఆవులు మేశాయో గానీ, చోటు మాత్రం దొరికింది. అయిదుగురిలో ఒకడైన బైరమ్ గ్రీన్ 48 ఏళ్ల తర్వాత, 1854లో తిరిగొచ్చి 'ఇదిగో ఇక్కడే' అని మేకు పాతి చూపించాడు. 1867లో అక్కడ పాలరాతి స్తంభం లేచింది. పైన ఒక భూగోళం, కింద చెక్కిన గడ్డివాము బొమ్మ. గడ్డివాముకు రాతి స్మారకం కట్టిన చోటు లోకంలో ఇంకెక్కడైనా ఉందా? ఉంటే నాకు చెప్పండి!

● ఆ అమెరికన్ బోర్డు 1819లో పంపిన డాక్టర్ జాన్ స్కడర్ కుటుంబం నాలుగు తరాల్లో 40 మందికి పైగా మిషనరీలయ్యారు. అందరి సేవాకాలం కలిపి లెక్కేస్తే వెయ్యేళ్లు దాటుతుంది!

● ఆ స్కడర్ గారి మనవరాలే ఐడా. 1918లో ఆమె వేలూరులో ఆడపిల్లల కోసం మెడికల్ స్కూలు తెరవబోతే, కనీసం ఆరుగురు దొరికితే మొదలుపెట్టుకోమన్నాడట పై అధికారి. దరఖాస్తులు ఎన్ని వచ్చాయో తెలుసా? 151! ఆ స్కూలే ఎదిగి సి.ఎం.సి. అయింది. నేటికీ అక్కడ చదివిన పిల్లలు చాలామంది పట్టా చేతికి రాగానే మారుమూల మిషన్ ఆసుపత్రుల్లో రెండేళ్లు పనిచేయాల్సిందే.

● ఫ్రెడరిక్ ఓజనామ్ అనే పారిస్ విద్యార్థి తన ఇరవయ్యో పుట్టినరోజున ఏం చేశాడో చూడండి. సరిగ్గా ఆ రోజే, 1833 ఏప్రిల్ 23న, తోటి విద్యార్థులతో కూర్చుని పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేసే సంఘం పెట్టాడు! 'మీ మతం మాటలు సరే, చేతలేవీ?' అని చర్చల్లో ఎవరో ఎత్తిపొడవడమే కారణం. చలికాలానికని దాచుకున్న పొయ్యికట్టెలు తీసుకెళ్లి ఒక పేదింట్లో ఇచ్చి రావడంతో సేవ మొదలైందని చెబుతారు. గుప్పెడు మందితో మొదలైన ఆ సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీలో ఇవాళ దాదాపు 150 దేశాల్లో 8 లక్షల మంది సభ్యులున్నారు.

● అదే సొసైటీలో చేరిన ఒక మైనింగ్ ఇంజినీరింగ్ విద్యార్థి 2025 సెప్టెంబరు 7న పునీతుడయ్యాడు! ఇటలీలోని ట్యూరిన్ కుర్రాడు పియెర్ జోర్జో ఫ్రసాతి. తండ్రి 'లా స్తంపా' పత్రిక యజమాని, జర్మనీలో రాయబారిగా చేసినవాడు. కొడుకేమో ట్రాము డబ్బులు బీదలకిచ్చేసి ఇంటికి పరుగులు పెట్టేవాడు! 1925లో 24 ఏళ్లకే పోలియోతో చనిపోయాడు, సేవ చేసిన రోగుల నుంచే సోకి ఉంటుందంటారు. అంత్యక్రియలకు వేలాది పేదలు వీధుల్లో బారులు తీరితే ఇంట్లోవాళ్లు నివ్వెరపోయారు. అబ్బాయి రోజూ ఎక్కడికి వెళ్తున్నాడో వాళ్లకు తెలిసింది ఆ రోజే.

● క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు ఇటు రండి! 1882లో ఓవల్ మైదానంలో ఇంగ్లండు 85 పరుగులు కొట్టలేక 7 పరుగుల తేడాతో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది, 'యాషెస్' కథంతా అక్కడే మొదలైంది. చివరి వికెట్ పడ్డప్పుడు అవతలి కొసన, ఒక్క బంతి కూడా ఆడే అవకాశం రాకుండా సున్నాతో నాటౌట్‌గా మిగిలిన కుర్రాడు సి.టి. స్టడ్. కేంబ్రిడ్జి విద్యార్థి. ఆ ఏడాదే అదే ఆస్ట్రేలియా జట్టు మీద రెండు సెంచరీలు బాదిన వీరుడతడు! అలాంటివాడు 1885 ఫిబ్రవరిలో బ్యాటు పక్కన పెట్టి మరో ఆరుగురితో కలిసి మిషనరీగా చైనా ఓడెక్కాడు. 'కేంబ్రిడ్జి సెవెన్' అని వాళ్లకు పేరు. చైనాలో ఉండగానే తన వంతు ఆస్తి మొత్తం, 29,000 పౌండ్లు, పంచేశాడు. తర్వాత ఆరేళ్లు మన ఊటీలో చర్చి పాస్టరు.

● ఆ స్టడ్‌ల ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు వరసగా మూడేళ్లు, 1882, 83, 84ల్లో, కేంబ్రిడ్జి జట్టుకు కెప్టెన్లు! మూడో కెప్టెన్ జె.ఇ.కె. 1886లో అమెరికా కాలేజీల్లో సువార్త చెబుతూ తిరుగుతుంటే, కార్నెల్ యూనివర్సిటీలో ఒక కుర్రాడు ఆలస్యంగా హాల్లోకొచ్చి నాలుగు మాటలు విని జీవితం మార్చుకున్నాడు. ఆ కుర్రాడు జాన్ మాట్.

● ఎవరీ మాట్? 1946లో, 81 ఏళ్ల వయసులో, నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న పెద్దమనిషి! దేశదేశాల క్రైస్తవ విద్యార్థి సంఘాలను 1895లో స్వీడన్‌లోని ఒక కోటలో ఒక్క గొడుగు కిందకు తెచ్చింది ఆయనే. అట్లాంటిక్‌ను 100 సార్లకు పైగా, పసిఫిక్‌ను 14 సార్లు దాటాడు. యాభై ఏళ్ల పాటు సగటున ఏడాదికి 34 రోజులు సముద్రం మీదే గడిపాడట. గుణించి చూడండి: 1,700 రోజులు. అంటే నాలుగున్నరేళ్లకు పైగా ఓడలోనే కాపురం!

● 1886 వేసవిలో అమెరికాలోని మౌంట్ హెర్మన్ అనే చోట 251 మంది విద్యార్థులు నెల రోజుల పాటు బైబిలు చదువుకోవడానికి చేరారు. ముగిసేసరికి సరిగ్గా 100 మంది 'విదేశాలకు మిషనరీలుగా వెళ్తాం' అని సంతకాలు పెట్టారు! వాళ్లను పురికొల్పిన రాబర్ట్ వైల్డర్ పుట్టింది మన మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో. ఇంకా విచిత్రం వినండి: సంతకం పెట్టిన నూరుగురిలో మాట్ కూడా ఒకడు, కానీ ఏ ఒక్క దేశంలోనూ మిషనరీగా స్థిరపడలేదు. తిరగడానికే సరిపోయింది పాపం!

● డోర్నకల్ అనగానే మీకు రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది కదా. భారతీయుడైన మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు కూర్చున్నది అక్కడే! వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా విద్యార్థుల మధ్య తిరిగినవాడు. 1902లో యాఫ్నా వెళ్తే అక్కడి తమిళ క్రైస్తవులు ఎవరి దయా లేకుండా సొంత డబ్బుతో మిషనరీలను పంపుతున్నారు. చూసి ఊరుకున్నాడా? మరుసటేడే తిరునల్వేలిలో భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులతో నడిచే సంఘం పెట్టించాడు. వాళ్లు పని మొదలెట్టింది తెలుగు నేల మీద! ఆ తర్వాత తానే వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న, 38 ఏళ్లకే, కలకత్తాలో బిషప్పు అయ్యాడు.

● రగ్బీ ఆటకు పేరిచ్చిన ఇంగ్లండు బడి పిల్లల చందాలతో మచిలీపట్నంలో ఒక మాస్టారికి జీతం నడిచేది! ఆ బడిలోనూ, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదివిన హెన్రీ ఫాక్స్ 1841లో రాబర్ట్ నోబుల్‌తో కలిసి బందరు వచ్చాడు. 1848లో ఫాక్స్ చనిపోతే, ఆయన పేరిట బందరులోని నోబుల్ బడిలో ఒక మాస్టారి ఉద్యోగాన్ని రగ్బీ బడివాళ్లు నిలబెట్టారు.

● జీతం నాలుగింతలైతే మీరేం చేస్తారు? ఆక్స్‌ఫర్డ్‌లో తోటి విద్యార్థులతో కలిసి జైళ్లకు వెళ్లి ఖైదీలను పలకరించిన జాన్ వెస్లీ లెక్క ఇదీ. మొదటి ఏడు ఆదాయం 30 పౌండ్లు, 28 తన ఖర్చు, 2 దానం. రెండో ఏడు ఆదాయం 60, ఖర్చు 28, దానం 32. మూడో ఏడు 90 వస్తే దానం 62. నాలుగో ఏడు 120 వస్తే దానం 92! ఖర్చు గీత మాత్రం 28 దగ్గర కదల్లేదు. ఈ లెక్క మా ఇంట్లో చదివి వినిపించాను, ఎవరూ ఏమీ అనలేదు.

● జపాన్ 5,000 యెన్ల నోటు మీద ఇరవై ఏళ్లు కనిపించిన ముఖం ఒక క్రైస్తవ విద్యార్థి సంఘం సభ్యుడిది. పేరు నితోబె ఇనాజో. విలియం క్లార్క్ అనే అమెరికన్ సప్పొరో వ్యవసాయ కాలేజీలో 8 నెలలే ఉండి మొదటి బ్యాచి పిల్లలను క్రైస్తవులను చేశాడు. నితోబె రెండో బ్యాచి, అతను చేరేసరికి క్లార్క్ వెళ్లిపోయాడు. సీనియర్లే ఆ పని పూర్తిచేశారు!

● కగావా తొయొహికో అనే 21 ఏళ్ల వేదాంత విద్యార్థి 1909 క్రిస్మస్ ముందు రోజు రాత్రి హాస్టలు వదిలి కోబె మురికివాడలోని చిన్న గదికి మారాడు. తర్వాత ఆయన పేరు నోబెల్ సాహిత్య బహుమతికీ, శాంతి బహుమతికీ కూడా ప్రతిపాదనకు వచ్చింది.

● అమెరికాలో నల్లవారి సత్యాగ్రహ పాఠాల వెనుక మన నాగపూర్ ఉంది! జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు యువకుడు 1953 నుంచి మూడేళ్లు అక్కడి హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ మార్గం చదివాడు. తిరిగెళ్లి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో వేదాంత విద్యార్థిగా చేరి, నాష్‌విల్ చర్చిల్లో కాలేజీ పిల్లలకు అహింస తర్ఫీదు ఇచ్చాడు. కొట్టినా తిట్టినా తిరిగి చెయ్యెత్తకుండా ఉండటం కూడా రిహార్సల్ చేయించేవాడు! ఈ ఉద్యమం కారణంగానే 1960లో యూనివర్సిటీ అతణ్ని బయటికి గెంటింది. 2006లో అదే యూనివర్సిటీ ఆయన్ను ప్రొఫెసరుగా రమ్మని పిలిచింది.

● 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్లు వదులుకున్న ఎడిన్‌బరో విద్యార్థి ఎరిక్ లిడెల్, 400 మీటర్లను 47.6 సెకన్లలో ముగించి బంగారు పతకం కొట్టాడు. మరుసటేడే చైనాకు మిషనరీ. అదే పారిస్‌కు భారత జట్టును నడిపించుకెళ్లిన హ్యారీ బక్ ఎవరంటారా? మద్రాసులో 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కాలేజీ పెట్టిన దొర.

● 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' పేరు విన్నారా? సెలవుల్లో సొంత ఖర్చుతో వెళ్లి, పేదల ఇళ్లకు ఇటుకలు మోసే కాలేజీ పిల్లల సైన్యం ఉన్న క్రైస్తవ సంస్థ. అమెరికాలో దాని మొదటి కాలేజీ శాఖ 1987లో బేలర్ యూనివర్సిటీలో మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1983లో, మన దేశంలో దాని పని మొదలైన ఊరు ఖమ్మం!

● 'అర్బానా' అనే పెద్ద విద్యార్థి మిషనరీ మహాసభ మొదటిసారి అర్బానాలో జరగలేదు, ఇప్పుడూ జరగడం లేదు! 1946లో టొరంటోలో సుమారు 575 మందితో మొదలై, తర్వాత అర్బానా ఊరికి మారి, 2006లో ఆ ఊరూ వదిలేసింది. పేరు మాత్రం వదల్లేదు.

● మన కాలేజీల్లో క్రైస్తవ విద్యార్థుల ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) కూడికలు నడిపే యు.ఇ.ఎస్.ఐ. అనే సంస్థ పుట్టింది 1954లో. అది చేరిన ప్రపంచ సమాఖ్య 1947లో హార్వర్డ్‌లో పది దేశాలతో మొదలైంది.

● చివరగా ఆటలోకి దిగుదాం. బాస్కెట్‌బాల్ కనిపెట్టింది వేదాంతం చదివిన మనిషి! 1891 డిసెంబరు చలిలో, స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో గోల చేస్తున్న 18 మంది విద్యార్థులను అదుపులో పెట్టడానికి జేమ్స్ నైస్మిత్ 13 నియమాలు రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి కట్టించాడు. బాల్కనీ ఎత్తు పది అడుగులు, నేటికీ రింగు ఎత్తు అంతే. బుట్టకు అడుగు ఉండటంతో బంతి పడ్డప్పుడల్లా ఎక్కి తీయాలి! మొదటి ఆట స్కోరు ఎంతనుకున్నారు? 1–0. నైస్మిత్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో చర్చి పనీ, వ్యాయామమూ చూస్తూ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 55 గెలుపులు, 60 ఓటములు. గెలిచినవాటి కంటే ఓడినవి ఎక్కువున్న కోచ్ ఆ యూనివర్సిటీ చరిత్ర మొత్తంలో ఒక్కడే, అదీ ఆట కనిపెట్టినవాడే!