పొగా కాదు, ఆవిరీ కాదు

లండన్ నుండి ఎం-1 రహదారి మీద ఉత్తరంగా ప్రయాణం చేసే మన కుటుంబాల వారికి నాటింగ్‌హామ్ సమీపంలో కనిపించే ఎనిమిది మహా గోపురాలు పరిచయమైనవే. నడుము దగ్గర సన్నగా, డమరుకాన్ని నిలబెట్టినట్లుండే అవి రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ విద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురాలు. పాతికేళ్ల క్రిందట మొదటిసారి అటుగా వెళ్లినప్పుడు, వాటి నుండి తెల్లగా సుళ్లు తిరుగుతూ లేస్తున్నదానిని చూసి, ఏడేళ్ల మా అమ్మాయి "అమ్మో, ఎంత పొగో!" అన్నది. "పొగ కాదమ్మా, ఆవిరి" అని ఇంజనీరునైన నేను సవరించాను. వెనుక సీటులో కూర్చున్న మా మేనమామగారు నెమ్మదిగా "అది పొగా కాదు, ఆవిరీ కాదు" అన్నారు.

ఆయన మాటను తీసివేయడానికి వీలులేదు. నెల్లూరు జిల్లాలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్లను నమ్ముకొని బ్రతికిన రైల్వే ఊరు. అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. ఇంటికి చేరిన తరువాత మా అమ్మాయిని పొయ్యి దగ్గరకు తీసుకువెళ్లి, మరుగుతున్న కెటిల్ మూతిని చూపించారు. మూతికి ఆనుకొని అంగుళం మేర ఏమీ కనిపించదు. ఆ పైననే తెల్లని మబ్బు మొదలవుతుంది. ఏమీ కనిపించని ఆ అంగుళమే ఆవిరి. తెల్లగా కనిపించేది, ఆవిరి గాలికి చల్లబడి మళ్లీ నీరై విడిపోయిన సూక్ష్మ బిందువుల గుంపు. ఇందులో ఆయన మాటకు సగం అర్థం మాత్రమే ఉన్నది. మిగిలిన సగం చెప్పడానికి కొంత వెనుకకు పోవాలి.

మన పెద్దలు రైలును 'పొగబండి' అన్నారు. కంటికి కనిపించినదానికి పేరు పెట్టడం లోకసహజం. కాని బండిని లాగినది పొగ కాదు. ఇంకొంచెం లోతుకు పోతే, నిప్పు ఒక్కటే కూడా కాదు. ఆవిరియంత్రం కథలో నిప్పుకు ఎంత గౌరవం దక్కినదో, చల్లదనానికి అంత దక్కలేదు. ఈ వ్యాసంలో ఆ లోటును కొంత తీర్చాలని నా ఆశ.

ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు చేతికి ఆవిరి తగిలితే, వేడినీళ్లు ఒలికిన దానికంటె ఎక్కువగా ఎందుకు కాలుతుంది? రెండింటి వేడిమీ 100 డిగ్రీలే కదా! కిలో నీటిని 20 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 335 కిలోజౌళ్ల వేడి చాలును. అదే నీటిని, వేడిమి ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, ఆవిరిగా మార్చడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావలసి వస్తుంది. ఇదే మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న గుప్తోష్ణం. ఆవిరి చర్మాన్ని తాకి నీరైనప్పుడు ఆ దాచుకున్న వేడినంతా అక్కడనే దింపుకుంటుంది. అందుకే ఆవిరి వచ్చేటప్పుడు పిల్లలను వంటింట్లో దూరంగా ఉంచాలి.

ఆవిరికి రెండవ గుణం కూడా ఉన్నది. సాధారణ పీడనం వద్ద నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. తిరిగి నీరైతే ఆ చోటంతా శూన్యమవుతుంది. 1712లో ఇంగ్లండులోని డడ్లీ కోట సమీపాన, బొగ్గుగనిలో ఊరే నీటిని తోడడానికి థామస్ న్యూకొమెన్ నెలకొల్పిన యంత్రం ఈ రెండవ గుణాన్నే ఆశ్రయించింది. సిలిండరును ఆవిరితో నింపి, లోపలికి చన్నీళ్లు చిమ్మేవారు. ఆవిరి నీరై శూన్యం ఏర్పడగానే బయటి గాలి బరువు ముషలకాన్ని క్రిందికి త్రోసేది. అనగా, లోకంలో మొట్టమొదట విజయవంతంగా పనిచేసిన ఆ యంత్రంలో బలం చూపినది ఆవిరి పుట్టుక కాదు, ఆవిరి చావు!

కాని అది బొగ్గును బకాసురుని వలె మింగేది. కాల్చిన బొగ్గులోని శక్తిలో నూటికి ఒక పాలు కూడా పనిగా మారేది కాదు. బొగ్గుగని గట్టున బొగ్గుకు కొదవ లేదు గనుక చెల్లిపోయింది. 1763-64 శీతాకాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ వద్దకు న్యూకొమెన్ యంత్రపు చిన్న నమూనా మరమ్మతుకు వచ్చింది. అది నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. ఎందుచేత? వాట్ కొలతలు మొదలుపెట్టాడు. కొంత నీటిని ఆవిరిగా మార్చి, దానిని చన్నీటిలోకి పంపితే, ఆ ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల నీటిని మరుగుస్థానానికి తేగలదని గమనించి ఆశ్చర్యపోయాడు. ఆ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడైన జోసెఫ్ బ్లాక్, అప్పటికే తాను కనుగొన్న గుప్తోష్ణ సిద్ధాంతాన్ని వివరించి అతని ఆశ్చర్యాన్ని తీర్చాడు.

లోపం ఎక్కడున్నదో అప్పుడు తేటతెల్లమయింది. ప్రతి ఊపులోనూ ఒకే సిలిండరును కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చడంలోనే ఆవిరిలో అధికభాగం వ్యర్థమవుతున్నది. 1765లో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా అతనికి పరిష్కారం తట్టింది: సిలిండరును ఎల్లప్పుడూ వేడిగానే ఉంచి, ఆవిరిని చల్లార్చడానికి పక్కన వేరొక పాత్రను అమర్చాలి. ఆ పాత్రే కండెన్సరు. వంటగది, చలివేంద్రం వేరువేరుగా ఉండాలన్నంత సామాన్యమైన ఆలోచన. అయినా న్యూకొమెన్ తరువాత అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ తోచలేదు. 1769లో వాట్ దానికి పేటెంటు పొందాడు. మాథ్యూ బోల్టన్‌తో కలిసి పెట్టిన వ్యాపారంలో, పాత యంత్రంతో పోల్చగా మిగిలిన బొగ్గు విలువలో మూడవ వంతును ప్రతిఫలంగా తీసుకునేవాడు. కెటిల్ మూత ఎగరడం చూసి వాట్ ఆవిరియంత్రం కనిపెట్టాడని మనం చిన్నప్పుడు చదువుకున్న కథను ఇకనైనా పిల్లలకు చెప్పకుండా ఉండవచ్చును.

అధిక పీడనం పేరు చెబితే వాట్ భయపడేవాడు. ఆ భయం నిష్కారణం కాదు. రిచర్డ్ ట్రెవితిక్ ఆవిరిని బాగా బిగించి, దాని త్రోపుడుతోనే పని చేయించే చిన్న యంత్రాలను నిర్మించాడు. 1803లో లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో అతని బాయిలరు ఒకటి పేలి మనుషులు చనిపోయారు. యంత్రాన్ని కనిపెట్టుకొని ఉండవలసిన కుర్రవాడు చేపలు పట్టడానికి పోయాడని చెబుతారు. ఆ పాఠం నేర్చుకున్న ట్రెవితిక్, నీటిమట్టం పడిపోతే కరిగిపోయే సీసపు బిరడాను బాయిలరులో బిగించడం మొదలుపెట్టాడు. 1804 ఫిబ్రవరిలో వేల్స్‌లో పట్టాల మీద పది టన్నుల ఇనుమును లాగిన తొలి ఆవిరి ఇంజను కూడా అతనిదే.

ఆ సీసపు బిరడా గురించి మామయ్యగారు గంటసేపు చెప్పగలరు. ఆయన నడిపిన డబ్ల్యు.జి. తరగతి ఇంజను బాయిలరులో చదరపు అంగుళానికి 210 పౌనుల పీడనం ఉండేది. ఆ పీడనంలో నీరు 200 డిగ్రీల దాకా మరగదు. పొరపాటున బాయిలరు చీలితే, 200 డిగ్రీల నీరు ఒక్కసారిగా బయటి గాలిలో పడి, అందులో సుమారు ఐదవ వంతు ఆ క్షణంలోనే ఆవిరైపోతుంది. అన్ని వందల రెట్లు ఉబ్బే నీటి ముందు ఉక్కు రేకు ఏపాటిది? 1865 ఏప్రిల్‌లో అమెరికాలోని మిసిసిపీ నది మీద సుల్తానా అనే స్టీమరు బాయిలర్లు పేలినప్పుడు వెయ్యిమందికి పైగా మరణించారు. అటువంటి అనుభవాల నుండే బాయిలరు తనిఖీ చట్టాలు పుట్టాయి. మన దేశంలో 1923లో అటువంటి చట్టం చేశారు.

నిప్పుగూటి పైకప్పు రేకు మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. నీరు తగ్గితే రేకు ఎర్రగా కాలి, మెత్తబడి, కూలుతుంది. ఆ లోపలనే బిరడాలోని సీసం 327 డిగ్రీల వద్ద కరిగి, ఆవిరి నిప్పులోకి బుస్సుమని దూకి హెచ్చరిస్తుంది. బిరడా కరగనిచ్చిన సిబ్బందికి షెడ్డులో తలెత్తుకొని తిరగడం కష్టం. అందుచేత డ్రైవరు కన్ను పట్టాల మీద ఎంత ఉండేదో, నీటిమట్టం చూపే గాజుగొట్టం మీద అంత ఉండేది. బొగ్గు తగ్గితే బండి ఆగుతుంది, నీళ్లు తగ్గితే మనం ఆగిపోతాం అని ఆయన కొత్త ఫైర్‌మన్లకు చెప్పేవారట.

రైలింజనుకు కండెన్సరు లేదు. పనిచేసిన ఆవిరిని ఊపు ఊపుకూ పొగగొట్టం గుండా వదిలివేస్తుంది. మనం చిన్నప్పుడు విన్న 'ఛుక్ ఛుక్' ధ్వని అదే. ఆ ఊపుకు నిప్పుగూటిలోకి గాలి ఈడ్చబడి మంట రేగుతుందనేది నిజమే. కాని ఆ ధ్వనితోపాటు ఎంతో శక్తి గాలిలో కలిసిపోతుంది. బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్లకు లోపే చక్రాలకు అందేది. దారి పొడవునా నీళ్లు పట్టించవలసి వచ్చేది కూడా అందుకే.

ముషలకం ముందుకు వెనుకకు కొట్టుకునే యంత్రానికి ఒక హద్దు ఉన్నది. దానిని దాటించినవాడు చార్లెస్ పార్సన్స్. 1884లో అతడు చేసిన తొలి టర్బైను నిమిషానికి 18,000 చుట్లు తిరిగింది. ఆవిరిని ఒక్క గెంతులో వదిలితే దాని వేగానికి తగినట్లు తిరగగల చక్రాన్ని ఏ లోహంతోనూ చేయలేము. అందుచేత అతడు, కాలువ మీద వరుసగా లాకులు కట్టినట్లు, ఒకదాని వెనుక ఒకటిగా అనేక రెక్కల వరుసలు పేర్చి, పీడనాన్ని మెట్టు మెట్టుగా దింపాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో అతని 'టర్బీనియా' పడవ 34 నాట్ల వేగంతో యుద్ధనౌకల మధ్య నుండి దూసుకుపోయి, నౌకాదళం వారి కళ్లు తెరిపించింది. ఆ పడవను న్యూకాసిల్ డిస్కవరీ మ్యూజియంలో భద్రపరిచారు.

ఇప్పుడు మన గోపురాల దగ్గరకు తిరిగి రావచ్చును. రాట్‌క్లిఫ్‌లో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి విద్యుత్కేంద్రంలోనూ అవే నాలుగు, అంతే సామర్థ్యం. ఇటువంటి యూనిట్‌లో ఆవిరి వాతావరణ పీడనానికి సుమారు 160 రెట్ల పీడనంతో, 540 డిగ్రీలకు అటూ ఇటూగా టర్బైనులో ప్రవేశిస్తుంది. టర్బైను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. చివరి వరుస రెక్కల కొనలు ధ్వనిని మించిన వేగంతో పోతాయి. ఆ చివర ఉన్నది వాట్ కండెన్సరే! వేలాది గొట్టాలలో చల్లని నీరు పారుతుంటే, వాటి వెలుపల ఆవిరి నీరై రాలుతుంది. అక్కడ పీడనం వాతావరణంలో ఇరవయ్యవ వంతుకు పడిపోతుంది. ఆ స్థితిలో ఒక్క కిలో ఆవిరి చిన్న గదిని నింపివేస్తుంది. కండెన్సరు లేకుండా ఆవిరిని బయటికి వదిలితే సుమారు నాలుగవ వంతు శక్తిని వదులుకోవలసి వస్తుంది.

చల్లదనపు విలువ ఇక్కడ కొలతకు అందుతుంది. ఇంగ్లండు చలిలో దొరికే నీటికీ, బంగాళాఖాతపు గోరువెచ్చని నీటికీ తేడా ఉన్నది. మన ఉష్ణదేశంలో కండెన్సరు పీడనం పదవ వంతుకు దించడమే గగనం. అందుచేత ఒకే రకం టర్బైనయినా, అదే బొగ్గుకు ఇక్కడ వచ్చినంత విద్యుత్తు అక్కడ రాదు. మన ఇంజనీర్ల నైపుణ్యానికి ఇందులో పాత్ర లేదు. అది సూర్యుడు వసూలు చేసే సుంకం.

ఇక మామయ్యగారి మాటలో రెండవ సగం. టర్బైనును తిప్పిన ఆవిరి ఎన్నడూ బయటికి రాదు. శుద్ధి చేసిన ఆ నీరు చాలా విలువైనది; నీరై, బాయిలరుకు తిరిగిపోయి, మళ్లీ ఆవిరై వస్తుంది. గోపురంలోకి వెళ్లేది వేరే నీరు. కండెన్సరు గొట్టాలలో వేడెక్కిన ఆ నీటిని గోపురం లోపల తుంపరలుగా రాలుస్తారు. క్రింది నుండి గాలి లేస్తుంది. కొంత నీరు ఆవిరై, తక్కినదానిని చల్లబరచి, పైకి పోయి మబ్బవుతుంది. మన కొత్తకుండలో నీళ్లు చల్లబడే తీరు కూడా ఇదే. నూరు పాళ్ల వేడిలో విద్యుత్తు అయ్యేది సుమారు 38 పాళ్లు. ఇంచుమించు సగం ఇలా ఆకాశానికి అర్పణం.

ఈ అర్పణాన్ని తప్పించుకున్నవారు చక్కెర కర్మాగారాల వారు. చెరకు పిప్పిని కాల్చి ఆవిరి పుట్టించి, దానితో టర్బైను తిప్పి, మిగిలిన ఆవిరితో చెరకు రసాన్ని కాగబెడతారు. కండెన్సరు స్థానంలో రసపు బానలే ఉంటాయి. గుప్తోష్ణం బెల్లపు వాసన వేసే చోటు అదొక్కటే కాబోలు!

1882లో లండన్‌లోని హోబర్న్ వయాడక్ట్ వద్ద ఎడిసన్ కేంద్రంతో మొదలైన బ్రిటన్ బొగ్గు విద్యుత్తు, 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్ మూతతో ముగిసింది. బొగ్గు పోయినా ఆవిరి పోలేదు. సైజ్‌వెల్-బి అణువిద్యుత్కేంద్రంలో యురేనియం వేడితోనూ, డ్రాక్స్‌లో కట్టెగుళికల మంటతోనూ ఆవిరి టర్బైన్లనే తిప్పుతున్నారు. సైజ్‌వెల్‌లో గోపురాలు లేవు. సముద్రమే ఆ పని చేస్తుంది.

మూతపడిన ఆ శీతాకాలంలోనే అటుగా వెళ్లాము. గోపురాల మీద మబ్బు లేదు. కారు నడుపుతున్నది మా అమ్మాయి. వెనుక సీటులో ఉన్న మనవడు అవి ఏమిటని అడిగాడు.

"నీళ్లు చల్లార్చేవి నాన్నా" అన్నది.