పిల్లల వెనక పరుగు వేరు, మన ఆరోగ్యం కోసం పరుగు వేరు

"సిస్టరమ్మా, పొద్దున్న లేచింది మొదలు పిల్లల వెనక పరుగే. ఇంకా వేరే పరుగు దేనికి?" బరువు తగ్గమని చెప్పినప్పుడల్లా తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అదే తల్లి బిడ్డను చంకనెత్తుకుని మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడటం కూడా మేము చూస్తూనే ఉన్నాము. ఇంటి చాకిరీలో అలసట ఉంటుంది గాని, గుండెకు, ఊపిరితిత్తులకు సరిపడా వ్యాయామం ఉండదు. ఈ మాట మాకూ వర్తిస్తుంది. డ్యూటీ అంతా నిలబడే ఉన్నా, కాన్పుల తర్వాత పెరిగిన బరువు మాలో చాలామందికి తగ్గలేదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

నడుము చుట్టుకొలత ఆడవారికి 80 సెం.మీ., మగవారికి 90 సెం.మీ. దాటితే షుగరు, బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. గర్భంతో ఉండగా షుగరు వచ్చిన తల్లులకు కాన్పు కాగానే అది తగ్గిపోయినా, తర్వాత శాశ్వతంగా వచ్చే అవకాశం చాలా ఎక్కువ. వీరు బరువు విషయం అశ్రద్ధ చేయరాదు.

ఎలా మొదలుపెట్టాలి?

1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే యువకుడు, యాభైలలో ఉన్న తన తల్లిని దృష్టిలో పెట్టుకుని 9 వారాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చాలు. ముందు 5 నిమిషాలు చురుకుగా నడవాలి. తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా 20 నిమిషాలు మార్చి మార్చి చేయాలి. వారాలు గడిచేకొద్దీ పరుగు పెంచి, నడక తగ్గించాలి. పరుగెడుతూ పక్కవారితో మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే. చుడీదారు, మెత్తని అడుగున్న బూట్లు వేసుకుని, మట్టి నేల మీద పరుగెత్తండి.

గుర్తుంచుకోవలసినవి

- 40 ఏళ్లు దాటినవారు, బీపీ, షుగరు, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ముందు డాక్టరుగారిని అడగాలి.
- కాన్పు అయ్యాక కనీసం 3 నెలలు నడక మాత్రమే. సిజేరియన్ అయినవారు డాక్టరుగారి సలహా లేకుండా పరుగు మొదలుపెట్టరాదు. మితమైన వ్యాయామం వల్ల పాలు తగ్గవు.
- పరుగెత్తినప్పుడు మూత్రం జారుతుంటే సిగ్గుపడక మాకు చెప్పండి. దానికి వ్యాయామాలున్నాయి.
- షుగరు మందులు వాడేవారు జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి, ఆసుపత్రికి రావాలి.

త్వరపడకండి

70 కిలోల మనిషి 3 కి.మీ. పరుగెత్తితే సుమారు 200 కాలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వులో 7,000కు పైగా ఉంటాయి. కనుక పరుగెత్తి వచ్చి రెండు గారెలు తింటే లాభం లేదు. అన్నం కొంత తగ్గించి, పప్పు, కూర పెంచండి. పిల్లలు కంచంలో వదిలేసినది "పారేయడమెందుకు" అని తినే అలవాటు మానండి. తూకం నెలకు ఒక కిలో తగ్గినా మంచిదే. ఆయాసం మాత్రం అంతకంటే ముందే తగ్గుతుంది.

తండ్రులకు ఒక మాట. ఆ అరగంట పిల్లలను మీరు చూసుకుంటేనే ఆమె గడప దాటగలదు. మర్నాడు ఆమె చూసుకుంటుంది, మీరు వెళ్లండి. సెలవు రోజున పిల్లలనూ మైదానానికి తీసుకువెళ్లండి. వారికి రోజూ గంటసేపు ఆట అవసరం. ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మీ నడుము కొలత మాచేత రాయించుకోండి. మూడు నెలల తర్వాత కలిసి మళ్లీ కొలిచి చూద్దాము.