భిలాయి విద్యార్థికి ఆహార సాంకేతిక విద్య

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం నెలకొల్పబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి ఊదుకొలిమిని ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి వచ్చిన కార్మికులలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. రాయపూర్ నుండి విజయనగరం వరకు సాగే రైలు మార్గమే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారిని ఈ ఉక్కునగరానికి చేర్చింది. సెక్టర్ 5లోని బాలాజీ మందిరం ఇప్పటికీ వారందరినీ పండుగలకు ఒకచోట చేరుస్తున్నది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైన నాటికి ఆ కుటుంబాలలో రెండవ తరం ఉద్యోగాలలో స్థిరపడింది. ఇప్పుడు మూడవ తరం చదువుకుంటున్నది.

ఈ మూడవ తరం ముందున్న ప్రశ్న తాతల ముందు లేదు. ఆనాడు ఐ.టి.ఐ. ధ్రువపత్రమో, డిప్లొమానో చేతిలో ఉంటే కర్మాగారం ద్వారం తెరచుకునేది. యంత్రాలు పెరిగి, పద్ధతులు మారి, కర్మాగారంలో శాశ్వతోద్యోగుల సంఖ్య ఒకనాటికన్నా నేడు ఎంతో తగ్గింది. అయినా ఇంటర్ ముగించిన పిల్లవాడు మెకానికల్, మెటలర్జీ, కంప్యూటర్ అనే మూడు మాటలు దాటి నాలుగవ మాట పలికితే ఇంట్లో పెద్దలు సందేహంగా చూస్తారు. ఆ నాలుగవ మాట ‘ఫుడ్ టెక్నాలజీ’ అయితే, ‘వంట నేర్చుకోవడానికి నాలుగేళ్లు చదవాలిట్రా?’ అని తల్లి అడగడం సహజం.

హిందీలో దీనిని ‘ఖాద్య ప్రౌద్యోగికీ’ అంటారు. తెలుగులో ఆహార సాంకేతిక శాస్త్రమని అనువదించుకున్నాము. రెండు మాటలూ కొంచెం బరువైనవే కాని, రెండింటిలోనూ వంట లేదు. వంటను, ఆతిథ్యాన్ని నేర్పేది హోటల్ మేనేజ్‌మెంట్. ఎవరు ఏమి తినాలో, ఎంత తినాలో చెప్పేది పోషకాహార శాస్త్రం. పండిన పంట, పితికిన పాలు, పట్టిన చేప చెడిపోకుండా, విషం కాకుండా, సారం కోల్పోకుండా వేల మందికి చేరే మార్గాన్ని అధ్యయనం చేసేది ఆహార సాంకేతిక శాస్త్రం. ఈ మూడింటినీ ఒకటిగా భావించి తప్పు కళాశాలలో చేరిన విద్యార్థులు లేకపోలేదు.

ఉక్కు కార్మికుని ఇంటి బిడ్డకు ఈ శాస్త్రం పరాయిది కాదు. తండ్రి కొలిమి వద్ద గమనించేది ఉష్ణం, కాలం, ప్రవాహం. కుమార్తె పాల కర్మాగారంలో గమనించేదీ ఆ మూడింటినే. పాశ్చరీకరణలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకండ్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. ఉష్ణం తగ్గితే వ్యాధికారక క్రిములు బ్రతుకుతాయి. పెరిగితే పాల రుచి, గుణం మారుతాయి.

డబ్బాలలో నిలువచేసే ఆహారం విషయంలో లెక్క ఇంకా కఠినమైనది. గాలి చొరని డబ్బాలో, పులుపు తక్కువగా ఉన్న ఆహారంలో క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. దాని బీజాలు మరిగే నీటికి చావవు. అందుచేత ఆవిరి పీడనం సహాయంతో 121 డిగ్రీల వరకు వేడిచేస్తారు. ఎంతసేపు? ఇక్కడ ఒక చిత్రమైన గణితం ఉన్నది. నిర్ణీతమైన వేడిలో సమాన కాలవ్యవధులలో క్రిములు సమాన సంఖ్యలో చావవు, సమాన నిష్పత్తిలో చస్తాయి. మొదటి వ్యవధిలో వెయ్యి నూరవుతాయి, రెండవ దానిలో నూరు పదవుతాయి, మూడవ దానిలో పది ఒకటవుతుంది. ఈ లెక్క ఎన్నడూ సున్నకు చేరదు. కనుక అటువంటి వ్యవధులు పన్నెండు గడిచేవరకు డబ్బాను వేడిలో ఉంచడం నియమమైంది. 121 డిగ్రీల వద్ద ఆ మొత్తం కాలం రెండున్నర నిమిషాలు. అయితే డబ్బా గోడకు తగిలిన వేడి మధ్యనున్న ముద్దకు చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కించాలి. ఉష్ణప్రసరణ సూత్రాలు రాని వానికి ఈ పని అప్పగించరాదు. ఇంటర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన వారిని ఈ కోర్సుకు ప్రధానంగా కోరడంలోని ఆంతర్యం ఇదే.

అన్నపు గిన్నె చెప్పే చరిత్ర

ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’, అనగా ధాన్యపు గిన్నె అని పేరు. ఇక్కడి బజారులో బియ్యం రెండు రకాలు: ‘అర్వా’, ‘ఉస్నా’. మన భాషలో మొదటిది పచ్చి బియ్యం, రెండవది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఆ తరువాత మరపట్టగా వచ్చేది ఉప్పుడు బియ్యం. చూపునకు కొంచెం పసుపుగా ఉండడంచేత మన కోస్తావారు దానిని చిన్నచూపు చూశారు. ఆ చిన్నచూపునకు తగిన మూల్యం కూడా చెల్లించారు.

ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో కాళ్ల తిమ్మిరి, వాపు, గుండె బలహీనతలతో కూడిన బెరిబెరి వ్యాధి భారతదేశంలో ప్రధానంగా ఉత్తర సర్కారుల తీరంలోనే కనిపించేది. ఆ వ్యాధిపై పరిశోధనకు రాబర్ట్ మెకారిసన్ 1918లో నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న ప్రయోగశాలను ఆరంభించారు. తెల్లగా మరపట్టిన పచ్చి బియ్యమే ప్రధానాహారమైనచోట బెరిబెరి ఉండి, ఉప్పుడు బియ్యం తినేచోట లేకపోవడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. థయమిన్ అనే బి విటమిను బియ్యపు పై పొరలలో ఉంటుంది. మర ఆ పొరలను తవుడుగా ఊడ్చివేస్తుంది. కాని ధాన్యాన్ని నానబెట్టి ఆవిరిపట్టినపుడు ఆ విటమిను నీటితోపాటు గింజలోనికి దిగుతుంది. పైగా పిండిపదార్థం ఉడికి గట్టిపడడంవల్ల మరలో నూకలు కూడా తగ్గుతాయి. పేరు తెలియని మన పూర్వులు కనిపెట్టిన ఈ పద్ధతి ఒక సాంకేతిక విధానమే. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. అన్నం తిని రోగులైన తెలుగువారి కథ ఆ సంస్థ పుట్టుకలోనే ఉన్నదన్నమాట.

శ్రీకాకుళం నుండి వచ్చిన కుటుంబాలు భిలాయిలో మరొక బంధుత్వాన్ని గుర్తించి ఉండాలి. రాత్రి అన్నంలో నీరు పోసి ఉదయం తినే అలవాటును ఛత్తీస్‌గఢీలు ‘బోరే బాసీ’ అంటారు. మనకు చద్దన్నం, తరవాణి అనే మాటలున్నాయి. 2022 మే డే నాడు శ్రామికుల గౌరవార్థం ప్రజలంతా బోరే బాసీ తినవలసినదిగా ఆ రాష్ట్ర ప్రభుత్వమే పిలుపునిచ్చింది. రాత్రికి రాత్రి ఆ నీటిలో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు వృద్ధిచెంది పులుపును కలిగిస్తాయి. ఆ పులుపే చెడుపు క్రిములను దూరంగా ఉంచుతుంది. ఇడ్లీపిండికి, పెరుగుకు, ఆవకాయకు ఈ శాస్త్రంలో వేరువేరు పాఠాలున్నాయి.

అన్ని పాఠాలూ ఇంత సంతోషకరమైనవి కావు. కందిపప్పులో కలిసే కేసరి పప్పు పేరు మన పాఠకులు వినే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లో దానిని ‘తివ్‌రా’ అంటారు. వరి కోసిన పొలంలో మిగిలిన తేమతోనే పండుతుంది, ఖర్చు లేదు, కరవునకు తట్టుకుంటుంది. అయితే నెలల తరబడి అదే ప్రధానాహారంగా తిన్న పేదలకు కాళ్లు పడిపోయేవి. 1961లో దాని అమ్మకం నిషేధించబడింది. 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఆ గింజలోని నాడీవిషాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ధారించారు. వీరిలో రావుగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. విషం నీటిలో కరిగేది కనుక వేడినీటిలో నానబెట్టి ఆ నీటిని పారబోస్తే చాలావరకు పోతుందని తేలింది. విషం తక్కువగల ‘మహాతివ్‌రా’ అనే వంగడం రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం నుండి వచ్చింది. నిషేధం ఒక్కటే చాలని భావించిన చోట పంట ఆగలేదు. నానబెట్టే పద్ధతి, కొత్త విత్తనం మాత్రం ఆ పంట పండించే రైతుకు పనికివచ్చాయి.

అరికల మాట కూడా చెప్పవలసి ఉన్నది. ఇక్కడి ‘కోదో’ మన అరికలే, ‘కుట్కీ’ మన సామలే. చిరుధాన్యాలకు నేడు ఆదరణ పెరిగింది. కాని తడిసిన అరికలకు బూజుపట్టితే సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం చేరుతుంది. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవగఢ్ అరణ్యంలో పది ఏనుగులు మరణించగా, అవి మేసిన అరికలలోని ఈ విషమే కారణమని పరీక్షలు సూచించాయి. చిరుధాన్యాల బిస్కట్లు తయారుచేయడం సులభమే. గింజలను ఎంత తేమ వద్ద నిలువచేయాలో తెలిసినవారు మాత్రం కావాలి.

ఎక్కడ, ఎట్లు చదవవచ్చును?

బి.టెక్. కోర్సు నాలుగు సంవత్సరాలు, ఎనిమిది సెమిస్టర్లు. తొలి సంవత్సరంలో గణితం, డ్రాయింగు, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం ఉంటాయి. తరువాత ఉష్ణ, ద్రవ్య ప్రసరణ, ఆహార రసాయనం, ధాన్యాలు, పాలు, పండ్లు, మాంసం, చేపలు, ప్యాకింగు, నాణ్యతా చట్టాలు వస్తాయి. చివర కర్మాగారంలో శిక్షణ ఉంటుంది. బి.ఎస్‌సి. కోర్సులు మూడేళ్లలో ముగిసేవీ ఉన్నాయి కాని యంత్రభాగం వాటిలో పలుచన.

భిలాయికి దగ్గరలోనే, రాయపూర్‌లో, 1983లో ప్రారంభమైన డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్నది. పాల సాంకేతిక శాస్త్రం దీనికి తోబుట్టువు వంటిది. పశువైద్యానికి, పాడికి సంబంధించిన కామధేను విశ్వవిద్యాలయం కేంద్రం దుర్గ్‌ను ఆనుకొని ఉన్న అంజోరాలోనే ఉన్నది. దుర్గ్ నుండి రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణంలో ఉన్న నాగపూర్‌లోని లక్ష్మీనారాయణ సాంకేతిక సంస్థ 1942 నాటిది. కాంప్టీకి చెందిన రావు బహదూర్ డి. లక్ష్మీనారాయణ వీలునామాలో వ్రాసి ఇచ్చిన ధనంతో అది వెలసింది. అక్కడ రసాయన సాంకేతిక శాస్త్రంలో ఆహార విభాగం, నూనెల విభాగం వేరువేరుగా ఉన్నాయి. కాన్పూరులోని హార్‌కోర్ట్ బట్లర్ సంస్థ, కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం, ముంబయిలోని రసాయన సాంకేతిక సంస్థ పాత పేర్లు. హర్యానాలోని కుండ్లీలోను, తమిళనాడులోని తంజావూరులోను ఉన్న నిఫ్టెమ్ సంస్థలకు 2021 నాటి చట్టం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థల హోదా ఇచ్చింది. వాటిలో ప్రవేశం జె.ఇ.ఇ. మెయిన్ ద్వారా లభిస్తుంది. తంజావూరు సంస్థకు మూలం 1967లో తిరువారూరులో ఏర్పడిన ధాన్య పరిశోధన కేంద్రం. కావేరి డెల్టాలో వానలలో కోతకు వచ్చిన కొత్త వరి వంగడాలు తడిసి పాడవుతుండగా, ఆ కష్టం నుండి పుట్టిన సంస్థ అది.

మైసూరులో 1950లో ప్రారంభమైన కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పేరు విని పట్టభద్ర తరగతికి అక్కడికే వెళ్లాలని పలువురు అనుకుంటారు. గేదెపాలతో శిశువుల పాలపొడి తయారుచేసే పద్ధతిని రూపొందించి అమూల్‌కు అందించిన ఖ్యాతి ఆ సంస్థది. అయితే అక్కడ ఎం.ఎస్‌సి. ఉన్నది కాని బి.టెక్. లేదు. డిగ్రీ ముగించిన పిమ్మట వెళ్లదగిన చోటు అది.

తెలుగు రాష్ట్రాలలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కళాశాలలు బాపట్లలోను, పులివెందులలోను ఉన్నాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ సాంకేతిక కళాశాల ఉన్నది.

ఏ కళాశాలకైనా వెళ్లి చూడవలసినది భవనాలను కాదు. చిన్నదైనా ఒక పైలట్ ప్లాంటు, అనగా ఆవిరి బాయిలరు, పాశ్చరైజరు, డ్రయ్యరు పనిచేస్తూ ఉన్నవా అని అడగాలి. సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల తాళంవేసి ఉన్నదంటే ఆ కళాశాలకు నమస్కరించి వెనుదిరగడం మంచిది. ఈ మాట కొంత కటువుగా ఉండవచ్చు. యంత్రం ముట్టని ఆహార సాంకేతిక పట్టభద్రుని పని, కొలిమి చూడని లోహశాస్త్రవేత్త పని ఒక్కటే.

ఉద్యోగాల విషయం దాపరికం లేకుండా చెప్పుకోవాలి. తొలి జీతం కంప్యూటర్ ఉద్యోగి జీతానికి సాధారణంగా తక్కువ. షిఫ్టులుంటాయి, ఊరికి దూరమైన కర్మాగారాలుంటాయి. షిఫ్టుల మాట వింటే భిలాయి ఇళ్లలో ఎవరూ బెదరరులెండి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నియమించే ఆహార భద్రతాధికారి పదవికి ఈ డిగ్రీ అర్హతలలో ఒకటి. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ సాంకేతిక పదవులకు కూడా దీనిని అంగీకరిస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోనే భాటాపారా అటుకుల మిల్లులు ప్రసిద్ధమైనవి. తవుడులోని ఒక ఎంజైము మర నుండి రాలిన కొన్ని గంటలలోనే నూనెను పాడుచేయడం ఆరంభిస్తుంది. తవుడును సకాలంలో స్థిరపరచగలిగినవాడు మిల్లుకు ఆదాయం చూపగలడు. సొంతంగా చిన్న పరిశ్రమ పెట్టదలచిన వారికి వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించింది.

చివరకు ఒక చిక్కు మిగులుతున్నది. భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి ఆంధ్రప్రదేశ్ ప్రవేశ పరీక్ష వ్రాస్తే అతడు అక్కడ స్థానికుడు కాడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతానికి పోటీపడాలంటే తల్లి లేదా తండ్రి, బయటి ఉద్యోగకాలం మినహాయించి, ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలనే నిబంధన ఉన్నది. ఇరవయ్యేళ్ల వయసు వరకు పలాసలోనో, బొబ్బిలిలోనో పెరిగి ఉద్యోగానికి భిలాయి వచ్చిన తండ్రికి ఆ అర్హత ఉండవచ్చు. నిబంధనలు మారుతుంటాయి గనుక ఏ ఏటి ప్రకటనను ఆ ఏడు చదువుకోవాలి. తండ్రి పాఠశాల ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం సీట్ల కేటాయింపునకు ముందే చేతిలో ఉండాలి. వేసవిలో స్వగ్రామం వెళ్లినపుడే ఈ పని ముగించుకొని రావడం మేలు. జూన్ వచ్చిన తరువాత దుర్గ్ నుండి విశాఖ వైపు రైళ్లలో చోటు దొరకదు, మండల కార్యాలయాలలో వరుసలు పెరుగుతాయి.