లూసీ ద లా టూర్ దు పాన్

హెన్రియెట్ లూసీ, మార్కీజ్ ద లా టూర్ దు పాన్ (1770 ఫిబ్రవరి 25 - 1853 ఏప్రిల్ 2) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రభువంశీకురాలు, స్మృతి గ్రంథ రచయిత్రి. 16వ లూయీ కొలువునూ, ఫ్రెంచి విప్లవాన్నీ, నెపోలియన్ సామ్రాజ్యాన్నీ, రాజరికపు పునరాగమనాన్నీ ఈమె దగ్గరనుండి చూసింది. రాజకుటుంబంతో సన్నిహితంగా మెలగిన వారిలో అనేకులు గిలెటిన్‌కు బలి కాగా, ఈమె భర్తతోను, పిల్లలతోను ప్రాణాలతో బయటపడింది.

బాల్యం, వివాహం

లూసీ పారిస్‌లో జన్మించింది. ఆమె తండ్రి ఆర్థర్ డిలన్ ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన ఐరిష్ సంతతి సేనాని. రాణి మేరీ ఆంటొనెట్‌కు పరిచారికగా ఉన్న తల్లి 1782లో మరణించింది. ఆ తరువాత లూసీ కఠిన స్వభావురాలైన అమ్మమ్మ వద్ద పెరిగింది. చిన్ననాటనే ఇంగ్లీషు నేర్చింది. ఇంటి పనులు, వంట, కుట్టుపని వంటివి సేవకులవద్ద కూర్చొని చూసి నేర్చుకొన్నది. ఆ వంశంలో పుట్టిన బాలికకు అవసరమని ఎవరూ తలచని ఈ విద్యలే తరువాత ఆమెను కాపాడాయి.

1787లో ఈమెకు ఫ్రెడరిక్ సెరాఫిన్‌తో వివాహమైంది. అతడు అప్పటికి గువెర్నే కౌంటు. లా టూర్ దు పాన్ మార్క్విస్ బిరుదు అతనికి చాలా కాలం తరువాత సంక్రమించింది. పెండ్లి అయిన పిమ్మట లూసీ కూడా తల్లివలెనే రాణి కొలువులో చేరింది.

విప్లవ కాలం

1789లో లూసీ మామగారు యుద్ధమంత్రి అయ్యాడు. ఆ సంవత్సరం అక్టోబరు 5, 6 తేదీలలో పారిస్ ప్రజలు వెర్సాయ్ రాజప్రాసాదాన్ని ముట్టడించినప్పుడు ఆమె అక్కడే ఉన్నది.

1793లో భీతావహ పాలన మొదలైనప్పుడు దంపతులు బోర్డో పరిసరాలకు చేరుకొన్నారు. భర్త వేరుచోట దాగవలసివచ్చింది. కొంతకాలం ఒక తాళాల పనివాని ఇంట తలదాచుకొన్నాడు. ఆ దాగుడుమూతల మధ్యనే, 1793 శరదృతువులో, లూసీ సెరాఫీన్ అనే కుమార్తెను ప్రసవించింది.

బోర్డోలో విప్లవ ప్రభుత్వ ప్రతినిధి తాలియన్. అతని ప్రేయసి తెరెసా కబారూస్‌ను లూసీ ఆశ్రయించింది. ఆమె పూనికతో ప్రయాణపత్రాలు లభించాయి. 1794 మార్చిలో 'డయాన్' అనే చిన్న ఓడలో కుటుంబం అమెరికాకు బయలుదేరింది. ఓడ సముద్రంలో ఉండగానే ఏప్రిల్ 13న లూసీ తండ్రికి, ఏప్రిల్ 28న మామగారికి పారిస్‌లో శిరచ్ఛేదం జరిగింది. మరికొన్ని వారాలు ఆలస్యమై ఉంటే వీరి గతి ఏమయ్యేదో ఊహించుట కష్టం కాదు.

అమెరికాలో వ్యవసాయం

బోస్టన్‌లో దిగిన వీరు న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీ సమీపంలో ఒక వ్యవసాయ క్షేత్రాన్ని కొన్నారు. లూసీ తెల్లవారకముందే లేచి, ఆ ప్రాంతపు రైతు స్త్రీల వలె ఉన్ని దుస్తులు ధరించి, పాడి, వంట, చాకిరీ అన్నీ చూసుకొనేది. తాను చిలికిన వెన్నపై కుటుంబ చిహ్నాన్ని ముద్రించి అమ్మేది. ఆ వెన్నకు మంచి గిరాకీ ఉండేది. ఒకనాడు ఆమె గొడ్డలితో మాంసం ఎముకను నరుకుతుండగా వెనుకనుండి ఎవరో పరిహాసమాడారు. తిరిగి చూస్తే, అప్పటికి తానూ ప్రవాసిగా ఉన్న తాలెరాన్!

అయితే ఈ క్షేత్రంలో పనిచేసినవారిలో వీరు కొన్న నల్లజాతి బానిసలు కూడా ఉన్నారు. విప్లవం తన స్వేచ్ఛను హరించిందని వాపోయిన కుటుంబం ఇతరుల స్వేచ్ఛకు వెల కట్టిందన్నది విస్మరించరాదు. దేశం విడిచేముందు వారిని విముక్తులను చేశారు. 1795లో పసిబిడ్డ సెరాఫీన్ ఇక్కడే కన్నుమూసింది.

ఐరోపాకు తిరిగిరాక

1796లో వీరు స్పెయిన్ మీదుగా ఫ్రాన్సుకు తిరిగివచ్చారు. బోర్డో సమీపంలోని వారి భవంతి దోపిడీకి గురై ఉన్నది. 1797 సెప్టెంబరులో జరిగిన రాజకీయ కుట్రతో మళ్ళీ దేశం విడిచి ఇంగ్లండుకు పోవలసివచ్చింది. నెపోలియన్ అధికారానికి వచ్చిన తరువాతనే తిరిగి రాగలిగారు. లూసీ సవతితల్లి నెపోలియన్ భార్య జోసెఫీన్‌కు బంధువు కావడం కొంత కలసివచ్చింది. 1808లో భర్త బ్రస్సెల్స్ కేంద్రంగా గల జిల్లాకు ప్రిఫెక్టుగా నియమితుడయ్యాడు. 1813లో అతనిని తొలగించినప్పుడు లూసీ స్వయంగా చక్రవర్తిని కలిసి మాట్లాడింది. ఫలితంగా ఆమియాన్‌లో మరొక పదవి లభించింది. రాజరికం తిరిగి నెలకొన్నాక అతడు నెదర్లాండ్స్‌లోను, ట్యూరిన్‌లోను రాయబారిగా పనిచేశాడు.

చివరి కుమారుడు ఎమార్ 1832లో బెర్రీ డచెస్ పక్షాన జరిగిన తిరుగుబాటులో పాల్గొనడంతో కుటుంబం మరోమారు ప్రవాసం పాలయింది. భర్త 1837లో లోజాన్‌లో మరణించాడు. పెద్ద కుమారుడు హంబర్ట్ అంతకు చాలా ముందే ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు. తల్లి మరణించేనాటికి పిల్లలలో జీవించి ఉన్నవాడు ఎమార్ ఒక్కడే.

స్మృతులు

1820 జనవరి 1న, యాభయ్యవ ఏట అడుగిడబోతూ, లూసీ తన జ్ఞాపకాలను వ్రాయనారంభించింది. ఆమె జీవించి ఉండగా ఇవి వెలుగుచూడలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో వంశీకులు 'యాభై ఏళ్ళ స్త్రీ దినచర్య' అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరుతో ప్రచురించారు. కథనం 1815 మార్చితో ఆగిపోతుంది. సంఘటనలు జరిగిన చాలా కాలానికి వ్రాసినందున, తన వర్గపు అభిమానం ఉన్నందున దీనిని ఏకైక ఆధారంగా తీసుకొనరాదు. అయినప్పటికీ విప్లవానికి పూర్వం ప్రభువర్గపు నడవడిలోని లోపాలను ఆమె దాచలేదు. రాణి దుస్తులనుండి రొట్టె ధరవరకు ఆమె దృష్టికి రాని విషయం అరుదు. ఈ గ్రంథం ఆధారంగా కరోలిన్ మూర్‌హెడ్ ఇంగ్లీషులో వ్రాసిన లూసీ జీవిత చరిత్ర 2009లో వెలువడింది.

లూసీ 83వ ఏట ఇటలీలోని పీసా నగరంలో మరణించింది.